డాక్టరు చెప్పిన రెండో మాట

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను. ఎనిమిదేళ్లుగా ఒక మాట నా గొంతులో ఇరుక్కుని ఉంది. మింగలేకపోయాను, కక్కలేకపోయాను. నలుగురిలో నవ్వుతున్నప్పుడు కూడా అది అక్కడే ఉంటుంది.

మాది బోధన్. నాకంటే పన్నెండేళ్లు పెద్దదైన మా అక్క, భర్త పోయాక మా ఇంటికే వచ్చేసింది. అప్పటికే, మేము అవ్వ అని పిలిచే మా అమ్మ పక్షవాతంతో మంచం పట్టింది. అవ్వను లేపడం, స్నానాల గదికి మోసుకుపోవడం, మళ్లీ తెచ్చి పడుకోబెట్టడం, అన్నీ అక్కే చేసేది. నేను అప్పుడే ఒక ప్రైవేటు బడిలో టీచరుగా చేరాను. ఎన్నో ఏళ్లు ఇంట్లో కూర్చున్నాక దొరికిన పని. పొద్దున్నే చీర కట్టుకుని బయటపడుతుంటే నేనూ ఒక మనిషినే అనిపించేది.

అక్క లావుగా ఉండేది. భర్త పోయాక ఇంకా పెరిగింది. నడుం నొప్పి మొదలై, ఎడమ కాలు జివ్వుమని లాగడం మొదలుపెట్టాక, నిజామాబాద్‌లో ఒక ఎముకల డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. స్కానింగు అయ్యాక, బరువు చూడమని నర్సు అక్కను బయటికి తీసుకుపోయింది. డాక్టరు ఫిల్ము వెలుతురుకు పట్టి నాకు చూపించారు. కడుపు దగ్గర పెరిగిన బరువు వెన్నును ముందుకు లాగుతోందని, ఆ భారమంతా నడుం కింది డిస్కుల మీద పడుతోందని, ఒక డిస్కు పక్కకు జరిగి కాలికి పోయే నరాన్ని నొక్కుతోందని చెప్పారు. ఇంట్లో ఏం పని చేస్తుందని అడిగారు. అవ్వ సంగతి చెప్పాను.

ఆయన ఫిల్ము కింద పెట్టేశారు. బరువు తగ్గాలి, అది మెల్లగా జరిగే పని, మనిషిని ఎత్తడం మాత్రం ఇవాళే ఆపాలి, లేకపోతే కాలు పోతుంది అన్నారు. రెండు మాటలు. స్పష్టంగానే విన్నాను.

తిరుగు బస్సులో అక్క కిటికీ పక్కన కూర్చుంది. ఎడపల్లి దాటాక అడిగింది.

"డాక్టర్ సాబ్ ఏమన్నడే?"

"బరువు తగ్గాలన్నడక్కా."

"గంతేనా?"

"గంతే."

అక్క నా వైపు తిరిగింది.

"అవ్వను లేపుడు, పండవెట్టుడు బందు జేయమన్నడా?"

"గదేం అనలే. నువ్వు తిండి తగ్గిస్తే అన్నీ సర్దుకుంటయన్నడు."

అక్క తన కడుపు వైపు చూసుకుంది. "అయితే తప్పు నాదేనన్నట్టు" అంది.

నేను కాదనలేదు.

ఎందుకలా చెప్పాను? ముందే అనుకున్నది కాదు. ఆమె అడిగిన ఆ క్షణంలో నాకు కనిపించింది నరమూ కాదు, డిస్కూ కాదు. బడికి పోవడానికి కట్టుకునే చీర మడత కనిపించింది. అక్క ఎత్తకపోతే నేను ఎత్తాలి. మనిషిని పెట్టుకోవచ్చు, చుట్టాలను అడగవచ్చు, ఏదో ఒక దారి ఉండేదే, కానీ దారి వెతకడానికైనా ముందు నిజం చెప్పాలి కదా. పైగా నేను చెప్పింది పూర్తి అబద్ధం కూడా కాదు. బరువు నిజంగానే కారణం. సగం నిజం వెనక దాక్కోవడం ఎంత సులువో అప్పుడే తెలిసింది.

అక్క అన్నం మానేసి రెండు జొన్న రొట్టెలకు దిగింది. పొద్దున్నే మూతపడ్డ చక్కెర ఫ్యాక్టరీ వైపు రోడ్డు మీద, మెల్లగా, నడుం పట్టుకుంటూ నడిచేది. నాలుగు నెలల్లో రవికెలు వదులయ్యాయి. నొప్పి మాత్రం పెరిగింది. ఇంకా సరిపడా తగ్గలేదేమో అనుకునేది. ఆ క్రిస్మస్‌కు ఇంటికి వచ్చిన వాళ్లందరికీ కేకు పంచి, తన చేతిలో మిగిలిన ముక్కను తిరిగి డబ్బాలో పెట్టింది. నేను చూశాను. అప్పుడైనా చెప్పి ఉండవచ్చు. పరీక్షలు అయిపోనీ, సెలవులు రానీ అనుకున్నాను. ఈలోగా రోజూ ఆమె అవ్వను ఎత్తుతూనే ఉంది.

ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం బడికి ఫోను వచ్చింది. అవ్వకు స్నానం చేయించి లేపబోయి అక్క అక్కడే కూలబడింది. పక్కింటివాళ్లు తలుపు తోసుకుని వచ్చేసరికి, అక్క నేల మీద కూలబడి కూడా, అవ్వను పడిపోనీయకుండా రెండు చేతులతో పట్టుకుని ఉందట. ఆపరేషన్ చేశారు. నొప్పి చాలావరకు పోయింది. ఎడమ పాదం మాత్రం పైకి లేవదు. ఇప్పటికీ నేల మీద ఈడుస్తూనే నడుస్తుంది. నేను ఆ వారమే ఉద్యోగం మానేశాను. అవ్వ మరుసటి ఏడు పోయింది.

నన్ను వెంటాడేది ఆ పాదం ఒక్కటే అయితే బాగుండేది. మా వాడలో ఏ పిల్ల కాస్త ఒళ్లు చేసినా అక్క పిలిచి దగ్గర కూర్చోబెట్టుకుంటుంది. "గింత లావు గావద్దు బిడ్డా. నన్ను సూడు. తిని తిని నా కాలు నేనే పోగొట్టుకున్న" అంటుంది. పక్క గదిలో నేను వింటుంటాను. ఎనిమిదేళ్లుగా ఆమె కడుపునిండా తినడం నేను చూడలేదు. ఆదివారం చర్చిలో అందరితో కలిసి పాపాలు ఒప్పుకునే ప్రార్థన పైకే చదువుతాను. అందులో ఈ మాటకు చోటు లేదు. బెంచీ మీద ఎక్కువసేపు కూర్చోలేక వెనక గోడకు ఆనుకుని నిలబడిన అక్క కూడా అదే చదువుతుంది. ఆమె దేని కోసం క్షమించమంటోందో నాకు తెలుసు.

చెబితే ఏమవుతుంది? తిడుతుందా? అదైతే భరించగలను. "పోనీలే, చిన్నదానివి" అని నా తల నిమురుతుందేమోనని ఎక్కువ భయం. అది తీసుకునే అర్హత నాకు లేదు. ఇన్నాళ్లూ ఆమె నోటి దగ్గర ఆగిపోయిన ముద్దలను ఏ క్షమాపణా తిరిగి ఇవ్వదు.

అక్క తిండి వల్ల ఆ కాలు పోలేదు. నేను దాచిన మాట వల్ల పోయింది. ఇది నేను మొదటిసారి రాస్తున్నాను. రాశాక రెండుసార్లు చదువుకున్నాను. కొట్టేయలేదు.