సొరంగంలో మాస్టారి కేక

మా ఆయన ఉద్యోగమంతా డ్రిల్లు మాస్టారుగానే చేశారు. ఆయన "సావధాన్" అంటే గ్రౌండు అవతల రోడ్డు మీద పోయేవాళ్లు కూడా ఆగి చూసేవారు. నిరుడు గొంతుకు ఆపరేషన్ అయ్యాక ఆ గొంతు బొంగురుపోయి గుసగుసలా మిగిలింది. మాట్లాడుతూ ఉంటేనే తేరుకుంటుందని డాక్టరు గారు ఎంత చెప్పినా, బయటివాళ్ల ముందు ఈయన నోరు విప్పడం మానేశారు. కూరగాయల బండి దగ్గర నుంచి బ్యాంకు వరకు ఆయన బదులు నేనే మాట్లాడుతున్నాను. తెలిసినవాళ్లెవరూ లేని చోట కొన్నాళ్లు ఉంటే మారతారేమోనన్న ఆశతో ఈ అరకు ప్రయాణం పెట్టుకున్నాను.

కాకినాడ నుంచి ముందురోజే విశాఖపట్నం చేరి స్టేషన్ దగ్గర లాడ్జిలో పడుకున్నాం. అరకు రైలు ఉదయం ఏడు లోపే బయలుదేరుతుంది కాబట్టి మా వయసు వాళ్లకు అదే సుఖం. అద్దాల బోగీలో టికెట్లు దొరకలేదు. మామూలు స్లీపర్‌లో ఇద్దరికీ కలిపి మూడు వందల యాభై లోపే అయింది గానీ, చూడవలసినవి సరిగా కనిపించవేమోనని నాకు లోపల కొంత వెలితిగానే ఉంది.

శృంగవరపుకోటలో ఒకావిడ బట్టల మూటతో ఎక్కి మా ఎదుట కూర్చుంది. అరకు సంతలో చీరలు, తువ్వాళ్లు అమ్ముతుందట. ఏ ఊరని ఈయన్ని అడిగితే అలవాటుగా నేనే చెప్పాను. "నాను బాబుని అడిగితే నువ్వు సెప్తావేటమ్మా?" అని నవ్వింది. గొంతు సంగతి చెప్పక తప్పలేదు. ఈయన ముఖం కిటికీ వైపు తిప్పుకున్నారు.

శివలింగపురం దాటాక సొరంగాలు మొదలయ్యాయి. మొదటిదాంట్లోకి దూరగానే బోగీ అంతా కేకలు, ఈలలు. నేను ఉలిక్కిపడ్డాను. ఈ దారిలో ఇది మామూలేనట, చీకటి కమ్మగానే చిన్నా పెద్దా అరుస్తారట.

"నువ్వూ ఓ కేకెయ్యి బాబూ," అంది ఆవిడ ఈయనతో. "సీకట్లో ఎవుల గొంతో ఎవులికి తెలుత్తాది?"

రెండు మూడు సొరంగాలు ఈయన కిటికీ వైపే చూస్తూ కూర్చున్నారు. తర్వాత ఒక పొడవాటి దాంట్లో, సరిగ్గా నా పక్కనుంచి, బొంగురు కేక ఒకటి లేచింది. వెలుతురు వచ్చేసరికి ఈయన ఏమీ ఎరగనట్టు కళ్లజోడు తుడుచుకుంటున్నారు. బొర్రా దాటేదాకా ప్రతి చీకట్లోనూ ఆ కేక వింటూనే ఉన్నాను.

పదకొండు దాటాక అరకులో దిగాం. హోటల్ గది రోజుకు రెండు వేల రెండు వందలు. మెట్లు ఎక్కనవసరం లేకుండా కింది అంతస్తులోనే కావాలని ముందే అడిగి పెట్టుకున్నాను. మధ్యాహ్నం కాస్త పడుకుని, సాయంత్రం మెల్లగా నడుచుకుంటూ బొంగు చికెన్ అమ్మే చోటికి వెళ్లాం. వెదురు బొంగులో మసాలా పట్టించిన కోడిమాంసం కూరి నిప్పుల మీద కాలుస్తారు. ధర అడగడానికి నేను నోరు తెరిచేలోపే ఈయన ముందుకు వంగి అడిగారు. కాలుస్తున్న ఆవిడ చుట్టూ ఒకసారి చూసి, తనూ గొంతు తగ్గించింది.

"గుసగుసగా అడిగితే తగ్గిత్తాననుకున్నావేటి బాబూ? అందరికీ ఒకటే రేటు."

నేను కలగజేసుకోబోయి ఆగాను. ఈయన నవ్వడం మొదలెట్టారు.

"నా గొంతే ఇంతమ్మా. ఆపరేషనైంది."

కొత్తవాళ్లతో ఆయన ఆ మాట అనగా వినడం నాకు అదే మొదలు. ఆవిడ నొచ్చుకుని, అలాగైతే బేరమాడుకోమంది, అదీ గుసగుసగానే. ఈయన ఆడారు. ఒక్క రూపాయి తగ్గలేదు. నాలుగు వందలిచ్చి, ఆకులో వేసి ఇచ్చిన ముక్కల మీద నిమ్మకాయ పిండుకుని, అక్కడే బెంచీ మీద కూర్చుని తిన్నాం.

మర్నాడు గిరిజన మ్యూజియం ఒక్కటే చూశాం, మిగతా పొద్దంతా వరండాలో కాఫీలతో గడిచిపోయింది. ఆ మరుసటి రోజు అనంతగిరి మీదుగా కారులో దిగి వచ్చాం. పాత గొంతు మళ్లీ వస్తుందో లేదో నాకు తెలియదు. బయలుదేరే రోజు ఉదయం చలికి నేను దుప్పటి తీయకుండా ఉంటే, ఈయన గదిలో ఫోన్ ఎత్తి వేడినీళ్లు అడిగారు. అవతల వినబడలేదు కాబోలు, మళ్లీ చెప్పారు. ఇంకోసారి కూడా చెప్పారు. నేను మేలుకునే ఉన్నాను, ఫోన్ అందుకోలేదు. వేడినీళ్లు వచ్చాయి.

వెళ్లాలనుకునేవారికి ఒక్క మాట. అద్దాల బోగీ దొరకలేదని ప్రయాణం వాయిదా వేయకండి, తెరుచుకునే కిటికీ పక్కన సీటు చూసుకోండి. సొరంగాల్లో చలిగాలి కొడుతుంది కాబట్టి తలకూ చెవులకూ మఫ్లరు చుట్టుకోండి. నోటికి మాత్రం అడ్డం రానీయకండి.