తాత పెట్టిన మడత

మా ఇంట్లో డిగ్రీ వరకు చదివినవాళ్ళలో నేనే మొదటిదాన్ని. ధర్మవరంలో మాది నేతపని ఇల్లు. తాత జీవితమంతా పరుల పెళ్ళిళ్ళకు పట్టుచీరలు నేసి, చివరి కాలంలో ఒక్కటి మాత్రం ఇంటికోసం నేశాడు. కుంకుమరంగు ఒళ్ళు, ఆకుపచ్చ అంచు. ఇంటి ఆడపిల్లలు ముహూర్తానికి కట్టుకోవాలని చెప్పి, తన చేతులతో మడిచి పెట్టెలో పెట్టాడు. ఆ ఏడాదే పోయాడు.

ఆ చీరను అవ్వ ఎవరినీ ముట్టనివ్వలేదు. అప్పుడప్పుడు పెట్టె మూత తెరిచి, మడత మీద అరచెయ్యి ఆనించి, మళ్ళీ మూసేది. ఇంటికి చీరలు కొనడానికి వచ్చిన ప్రతి ఒక్కరికీ మా అమ్మ చెప్పే మాట ఒకటుండేది: "ఒకే మడతలో పెట్టాకండమ్మా, పట్టు పిగిలిపోతాది. అప్పుడప్పుడు మడత మార్చండి." పక్కనే కూర్చున్న అవ్వ కూడా అవునన్నట్లు తలూపేది. మా ఇంటి చీర సంగతి వచ్చేసరికి ఆ మాట ఇద్దరికీ గుర్తుకు వచ్చేది కాదు. అది తాత చేతి మడత కదా.

నా పెళ్ళికి ముందు రోజు పెట్టె తెరిచారు. చీర విప్పగానే మడతల వెంట తెల్లని గీతలు కనిపించాయి. అమ్మ ఒక గీత మీద వేలు ఆనించి చటుక్కున తీసేసింది. గీత వెంట పట్టు పెళుసుబారి ఉంది.

"అత్తా, ఇది పెట్టెలోనే ఉండనీ. పాపకు కొత్తది కడదాం" అంది.

"పెట్టెలో పెట్టి పూజ చేసేదానికి నేసినాడా ఏమ్మే? కట్టేదానికి నేసినాడు" అంది అవ్వ. శుక్లాల ఆపరేషన్ అయినా ఆమెకు చూపు అంతంతమాత్రమే. గీతలు కనబడలేదు.

అవ్వ లేనప్పుడు, వెనుక పలుచని గుడ్డ వేసి కుడితే నిలుస్తుందా అని అడిగాను. "సూది పెట్టిన చోటే పిగులుతాది. రేపు నువ్వు బొమ్మ మాదిరి కూచో. వేరే దారి లేదు" అని అమ్మ గొంతు తగ్గించి చెప్పింది.

నేను బొమ్మలాగే కూర్చున్నాను. ఊపిరి కూడా కొలిచి తీసుకున్నాను. తాళి కట్టే సమయానికి కొంచెం ముందుకు వంగవలసి వచ్చింది. మోకాలి దగ్గర మడత పిగిలింది. మేళం హోరులో ఆ చప్పుడు ఎవరికీ వినిపించి ఉండదు. నాకు మాత్రం ఒంటికి తెలిసింది. ముహూర్తపు చీర చిరిగితే మంచిది కాదంటారు. నేను శకునానికి అంతగా భయపడలేదు. ఎదురుగా కుర్చీలో కూర్చుని, కనపడీ కనపడని కళ్ళతో ఆ చీరనే చూస్తున్న అవ్వను చూసి భయపడ్డాను. తాత చేతిపనిలో ఆమెకు మిగిలింది అదొక్కటే.

తలంబ్రాల వేళ ఆ భయం రెట్టింపయింది. చేతులెత్తితే భుజం మీది మడత తెగుతుంది. మా మేనత్త వెనుక నుంచి పొడుస్తూనే ఉంది.

"చేతులు పైకెత్తి పోయవే. ఆయప్పే పోస్తాండాడు, నువ్వు చూస్తాండావు. రేపట్నుంచి ఇంట్లో ఎవురి మాట నెగ్గుతాది?"

నేను దోసిలిని రొమ్ము దాటనివ్వలేదు. నా తలంబ్రాలు వరుడి ఒడిలోనే పడ్డాయి. "ఎంత నెమ్మదస్తురాలప్పా పిల్ల" అన్నారు అటువైపువాళ్ళు. మేనత్త పక్కున నవ్వింది. "ఈమా? నెమ్మదా?"

చివరికి అవ్వ కాళ్ళకు మొక్కవలసి వచ్చింది. ఆమె ముందు నిలబడ్డానే గాని వంగలేకపోయాను. అవ్వ లేచి, చెయ్యి చాపి నా భుజం తడిమింది. వేళ్ళు కిందికి జారి ఒకచోట ఆగాయి. భుజం మడత కూడా పిగిలిపోయిందని నాకు అప్పుడే తెలిసింది.

"ఇంగా యాడన్నా పిగిలిండాదా?"

"మోకాలి కాడ, అవ్వా."

ఆమె అక్కడే కూలబడుతుందేమోనని చెయ్యి పట్టుకున్నాను.

"వంగాకు. నిలబడే మొక్కు" అంది అవ్వ. నా పైట కొంగును ముందుకు లాగి చిరుగు మీద కప్పింది.

నాలుగు రోజుల తర్వాత, పాత పట్టుచీరలు కాల్చి జరీలోని వెండి తీసేవాళ్ళకు ఇచ్చెయ్యమని మేనత్త సలహా ఇచ్చింది. ఆ సాయంత్రం అవ్వ ఆ చీరనే ఒంటికి చుట్టుకుని వాకిట్లో కూర్చుంది.

"చెల్లెలి పెండ్లికి ఉండొద్దా అవ్వా?" అన్నాను.

"ఉంటే ఉంటాది. కట్టుకుంటాంటే మడతన్నా మారుతాది."

ఇప్పుడు పండుగ వచ్చినా, వీధిలో పేరంటమైనా అవ్వ కట్టేది ఆ చీరే. గ్యాస్ పొయ్యి దగ్గరికి వెళ్తుంది, మంచం కోడుకు తగిలించుకుంటుంది. పుట్టింటికి వెళ్ళినప్పుడల్లా చీరను నా చేతికిస్తుంది.

"నువ్వే మడువు. నా చేతికి ఆయప్ప మడతే వస్తాది."

నేను చాప మీద చీర పరిచి, తాత గీతలకు పక్కగా కొత్త మడత పెడతాను. చెల్లెలు రెండో కొస పట్టుకుంటుంది. మడత మీద చెయ్యి అదిమే ముందు నేను ఊపిరి బిగబట్టి, ఆ చప్పుడు వస్తుందేమోనని వింటాను.