బావగారి చేతిలో బంతి

మొన్న సాయంత్రం టీవీలో డ్రాఫ్ట్ చూస్తూ కూర్చున్నాను. డ్రాఫ్ట్ అంటే తెలియని మన ఈడు వాళ్ల కోసం చెబుతున్నాను, అమెరికన్ ఫుట్‌బాల్‌లో కిందటేడు అందరికంటే చిత్తుగా ఓడిన టీముకి, కాలేజీల నుంచి వచ్చే కొత్త ఆటగాళ్లలో ముందుగా ఎంచుకునే హక్కు దక్కే తంతు అది. కెనడాలో మా అంటారియో లండన్ నుంచి కారులో బయల్దేరి సరిహద్దు నది దాటితే అమెరికా వైపు వచ్చే ఊరి టీము నా టీము. దాని క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి చేతబట్టుకుని ఎవరికి విసరాలో తేల్చే ముఖ్యుడు, వయసు మీదపడి తడబడుతున్నాడు. కొత్తవాణ్ణి తీసుకోవాలా వద్దా అని కోట్లు తొడుక్కున్న పెద్దమనుషులు టీవీలో గొంతులు చించుకుంటున్నారు. వీళ్లకేం తెలుసు నా మొహం, అనుకున్నాను. ఈ విషయంలో నేను పడిన పాట్లు వాళ్లలో ఒక్కరూ పడి ఉండరు.

అవి ఇండియా నుంచి పిల్లలు చదువుల కోసం విమానాల నిండా దిగుతున్న ఏళ్లు. సెప్టెంబరు వస్తే చాలు, భీమవరం నుంచీ, కర్నూలు నుంచీ, కరీంనగర్ నుంచీ వచ్చిన పిల్లలతో మా ఊరి బస్సులన్నీ తెలుగు మాట్లాడేవి, ఏ ఇంటి నేలకింది బేస్‌మెంట్ దగ్గరికి వెళ్లినా పోపు ఘాటు ముక్కుకి తగిలేది. మా తెలుగు చర్చివాళ్లం ఆదివారం ఆరాధన అయ్యాక పార్కులో టచ్ ఫుట్‌బాల్ ఆడేవాళ్లం, కింద పడదొయ్యడాలు లేకుండా చేత్తో తాకితే చాలు ఆగిపోయే ఆట. అంతమంది కుర్రకారు వచ్చిపడేసరికి నాలుగు టీములయ్యాయి, వాళ్లని పంచుకోవడానికి టీవీలో చేసినట్టే మనమూ డ్రాఫ్ట్ పెడదామన్న మహానుభావుణ్ణి నేనే. ఓడినవాళ్లదే మొదటి పిక్. నేను కెప్టెన్‌గా ఉన్న మా టీము ఏటా ఆఖరున ఉండేది కనుక మొదటి పిక్ ఏటా మాదే.

ఎందుకు ఓడిపోతున్నామో ఊరందరికీ తెలుసు, నోరు విప్పేవారే లేరు. మా క్వార్టర్‌బ్యాక్ మా ఆవిడకి స్వయానా అన్నగారు. మేము ఈ దేశంలో దిగిన రోజున చలికోట్లు పట్టుకుని ఎయిర్‌పోర్టుకి వచ్చిన మనిషి, నాకు ఉద్యోగం దొరికేదాకా మమ్మల్ని తన ఇంట్లో పెట్టుకుని, ఇంకా ఎన్నాళ్లని కంటిచూపుతోనైనా అడగని మనిషి. ఆయన విసిరిన బంతి దేవుడి దయవల్ల ఎటైనా పోయేది, అయినా ఆ చేతుల్లోంచి బంతి లాక్కోవడానికి నాకు మనసెలా ఒప్పుతుంది? అందుకని నేనొక సిద్ధాంతం తయారుచేసుకున్నాను. క్వార్టర్‌బ్యాక్ ఒక్కడితో టీము బాగుపడదు, ముందు పరిగెత్తేవాళ్లు కావాలి అని ప్రతి డ్రాఫ్ట్‌లోనూ గంభీరంగా ఉపన్యసించేవాణ్ణి, మా ఆవిడ పైటచెంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేది.

ఆ ఏడు బావగారి బేస్‌మెంట్‌లోకి ఏలూరు నుంచి ఒక అమ్మాయి అద్దెకి దిగింది, డిగ్రీలో త్రోబాల్ కెప్టెన్ అట. ఒకరోజు మా ఆవిడ ఇచ్చిన గోంగూర పచ్చడి అందించడానికి వెళ్లి, వంటింటి కిటికీలోంచి పెరట్లోకి చూశాను కదా, ఆ చివర కంచె దగ్గర పెట్టిన బట్టల బుట్టలోకి ఆ పిల్ల ఫుట్‌బాల్ విసురుతోంది, బావగారు ఏరి తెచ్చి ఇస్తున్నారు. విసిరినది విసిరినట్టు బుట్టలోనే పడుతోంది. నా ప్రాణం లేచొచ్చింది, మరుక్షణమే ఉసూరుమంది. ఈ పిల్లని తీసుకుంటే బావగారి మనసు విరుగుతుంది, వదిలేస్తే ఇంకో టీము ఎగరేసుకుపోతుంది, ఇక మా బతుకు ఇంతే. ఆడపిల్లలు ఆడకూడదన్న రూలేమీ మాకు లేదు, అప్పటిదాకా ఎవరూ అడగలేదంతే. ఇంటికొచ్చి చెబితే మా ఆవిడ, మా అన్నయ్యని బాధపెడితే ఊరుకోనంది, మళ్లీ తనే, కానీ ఒక్కసారి గెలిస్తే చూడాలనుందండీ అని కూడా అంది. ఇంక నేనేం చెయ్యను?

డ్రాఫ్ట్ చర్చి హాల్లో జరిగింది, కొత్త పిల్లలంతా సమోసాలు తింటూ గోడవారగా నిలబడ్డారు. మొదటి పిక్ నాది కనుక లేచాను, ఎందుకొచ్చిన గొడవలే అని కరీంనగర్ పొడుగు కుర్రాడి వైపు చెయ్యి చూపబోయాను. వెనక వరసలోంచి బావగారు లేచారు. మెల్లగా నడిచివెళ్లి, మైదానంలో తను ఎవరికీ ఇవ్వని ఆ బంతిని బేస్‌మెంట్ అమ్మాయి చేతుల్లో పెట్టి నావైపు తిరిగారు.

"బావగారూ, నన్ను చూసి మొహమాటపడకండి. అమ్మాయి పేరు చెప్పండి. తన ముందు నిలబడి నేను బ్లాక్ చేస్తా."

నేను పేరు చెప్పానో లేదో నాకు గుర్తులేదు, హాలంతా ఈలలే. ఆ సీజనంతా బావగారు ఆ పిల్ల ముందు గోడలా నిలబడ్డారు, ఎంతటి వస్తాదునైనా ఆమె మీదకి రానిచ్చేవారు కాదు. ఆఖరి మ్యాచ్‌లో ఎవరూ పట్టించుకోని ఆయన పక్కకి జరిగి చెయ్యెత్తారు, అమ్మాయి విసిరింది, జన్మలో ఒకరు విసిరిన బంతి పట్టెరుగని మనిషి దాన్ని పొట్టకి హత్తుకుని పాయింట్లొచ్చే గీత అవతల వెల్లకిలా పడ్డారు. గెలిచాం! మా ఆవిడ చెప్పులు వదిలేసి మైదానంలోకి పరిగెత్తింది. మరుసటి ఏడు మాకు ఆఖరి పిక్ వచ్చింది, ఆ నష్టం ఎంత తియ్యగా ఉందో చెప్పలేను.

మొన్న డ్రాఫ్ట్ నడుస్తుండగానే ఆ అమ్మాయి పడమటి తీరాన ఉన్న బర్నబీ నుంచి వీడియో కాల్ చేసింది, అక్కడ ఉద్యోగంలో స్థిరపడి ఆరేళ్లవుతోంది, ఆఫీసువాళ్లతో ఇంకా ఆడుతూనే ఉంది. బావగారు నా పక్కనే ఉన్నారు.

"అంకుల్, ఈసారి మా టీమ్‌కి కొత్త క్వార్టర్‌బ్యాక్‌ని పిక్ చేశాం. నాకన్నా బాగా త్రో చేస్తాడు. తన ముందు నేనే నిలబడి బ్లాక్ చేస్తున్నా."

బావగారు కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, మోకాళ్లు బాగా వంచి నిలబడమ్మా అని మాత్రం అన్నారు.

ఇప్పుడు కొత్త పిల్లలు రావడం బాగా తగ్గింది, వచ్చినవాళ్లు ఉద్యోగాలు వెతుక్కుంటూ తలోదిక్కుకీ వెళ్లిపోయారు, బావగారి బేస్‌మెంట్ ఖాళీ, మా పార్కులో బాతులు మేస్తున్నాయి. క్వార్టర్‌బ్యాక్ గురించి నా అభిప్రాయం ఎవరూ అడగరు గాని, అడిగితే చెబుతాను, కొత్తవాణ్ణి నిక్షేపంగా తీసుకోండి నాయనా, కానీ ఆ మాట పాతాయన నోట రానివ్వండి. మొన్న టీవీలో మా టీముకి వచ్చిన కొత్త క్వార్టర్‌బ్యాక్ కుర్రాడు టీము టోపీ పెట్టుకుని నవ్వాడు. ఆ పాతాయన్ని ఒక్కసారైనా చూపిస్తారేమోనని బావగారూ నేనూ చాలాసేపు చూశాం.