వదిన గుండెకు వాత

మా వదిన టీచరు. కోదాడ నుంచి చిలుకూరు అవతలి అంగన్‌వాడీకి రోజూ స్కూటీ మీద పోయి వచ్చేది. దారిలో రెండుసార్లు గుండె దడ పుట్టి, కళ్లు తిరిగి, బండి పక్కకు ఆపి కూర్చుంది. మూడోసారి ఆపేలోపే పడింది. మోచేయి గీసుకుపోవడంతో సరిపోయింది. సూర్యాపేటలో గుండె డాక్టరు రిపోర్టులన్నీ చూసి, "హైదరాబాదులో మా ఆసుపత్రికి వస్తే అబ్లేషన్ చేస్తాను, దడ పోతుంది. అప్పటిదాకా బండి ముట్టొద్దు" అన్నాడు.

తిరిగి వస్తుంటే కారులో వదిన అడిగింది. "అబ్లేషన్ అంటే ఏందయ్యా?"

కారు నడుపుతున్న అన్న అద్దంలో నా వైపు చూశాడు. నేను నోరు మూసుకోవాల్సింది. "ఏం లేదు వదినా, తొడ కాడి నరంలకెళ్లి సన్న వైరు గుండెదాంక పంపి, లోపల చిన్న వాత పెడ్తరంట. బయటికి కనవడదు గూడ."

నవ్వుతుందనుకున్నాను. వదిన గాజులు పైకి జరిపి మణికట్టు మీది నల్ల మచ్చ చూపించింది. చిన్నప్పుడు కామెర్లకు పెట్టిన వాత.

"గిదొక్కటి సాలు. నేను రాను."

ఇక చూడండి నా తిప్పలు. నాది మిర్యాలగూడలో మోటార్ వైండింగ్ షాపు. ఎనిమిదో తరగతిలోనే బడి మానేసినా కరెంటు సంగతి నాకు తెలుసు. మూడు ఆదివారాలు కోదాడ పోయి చెప్పాను. కాగితం మీద గుండె బొమ్మ గీస్తే వంకాయ వచ్చింది.

"నీ గుండెల పుట్టుకతోనే ఒక ఫాల్తు వైరున్నది వదినా. కరెంటు దాంట్ల వడి గిరగిర తిరుగుతున్నది. ఆ జాగల జర కాలిస్తే లైన్ కట్. దడ ఖతం."

"నువ్వు జేసిన మోటరు మా బాయి కాడ ఎన్ని దినాలు నడిచింది మరిదీ?"

"గది వోల్టేజీ తప్పు!"

"నా గుండెకు గూడ గట్లనే జెప్తవ్ రేపు."

ఇలాంటి మనిషికి ఏం చెప్పేది? ఆ మధ్యలో ఆటోలో పోతుంటే కూడా దడ వచ్చి సగం దారిలోనే వెనక్కి వచ్చింది; ఆ రోజు అంగన్‌వాడీ పిల్లలకు గుడ్లు ఆయమ్మే పంచింది. అయినా వినదు.

నాలుగో వారం, మందుల చీటీ మార్పించాలని అబద్ధం చెప్పి మళ్లీ సూర్యాపేట తీసుకుపోయాం. కుర్చీలో కూర్చోగానే వదిన డాక్టరును అడిగింది. "సార్, వాతనేనా?"

నేను టేబుల్ కింద అన్న కాలు తొక్కాను. డాక్టరు మాత్రం తడుముకోలేదు. "వాతేనమ్మా. పెసరగింజంత."

"ఎంతమంది పట్టుకుంటరు?"

ఆయనకు అర్థం కాలేదు.

"నన్ను చిన్నప్పుడు నలుగురు వట్టుకున్నరు సార్. ఒకామె నోరు మూసింది."

"ఎవ్వరూ పట్టుకోరమ్మా. మెలకువగానే ఉంటారు. నొప్పి అంటే ఆపుతాను."

"ఆపుతరా?"

"ఆపుతాను."

మూడు వారాలు నేను కాల్చడం గురించే వాగాను. దేనికి భయమని ఒక్కసారి అడగలేదు. నా తల ఎక్కడ కొట్టుకోవాలో తెలియలేదు. వదిన అప్పటికే హైదరాబాదుకు ఎప్పుడు రావాలో అడుగుతోంది.

"గురువారం రండి" అన్నాడు డాక్టరు.

"బుధవారం కుదురదా సార్? గురువారం పిల్లల్ని తూకం వెయ్యాలె."