అక్క గేర్ల సైకిల్‌కు నేను కొట్టిన గ్రీజు

పోయిన నెల సూర్యాపేటలో మనవరాలికి సైకిల్ కొనడానికి వెళ్లినప్పుడు, కొట్టాయన ఒక నీలం సైకిల్‌ను ముందుకు లాగి, దీని గేర్లన్నీ వెనక చక్రం మధ్యలో పుల్లలొచ్చి కలిసే హబ్బు లోపలే ఉంటాయి, బయటికి ఏమీ కనపడవు, కొత్తగా వచ్చిన రకం అని చెప్పబోతుంటే, కొత్తేమిటయ్యా, నలభై అయిదేళ్ల కిందటే మా అక్క తొక్కింది అనేశాను. లోపల ఏముంటుందని మనవరాలు అడిగింది. ఇక ఆగుతానా! నడుమ ఇరుసుకు బిగించిన పళ్లచక్రం ఒకటి, అది కదలదు. దాన్ని కరుచుకుని చుట్టూ తిరిగే చిన్న చక్రాలు, వాటిని పట్టి ఉంచే చట్రం. అన్నిటినీ చుట్టి లోపలివైపు పళ్లున్న కంకణం. గొలుసు కంకణాన్ని తిప్పి, చట్రం వెనక చక్రాన్ని తిప్పితే నెమ్మదిగానైనా తేలిగ్గా గట్టు ఎక్కుతుంది. అదే తిరగేసి, గొలుసు చట్రాన్ని తిప్పి, కంకణం చక్రాన్ని తిప్పితే పరుగు తీస్తుంది. ఆ రెండూ కాక నేరుగా కలిపితే మామూలు సైకిలే. గొలుసు తిప్పే బలాన్ని పట్టి చక్రానికి అందించేవి గోరంత ఇనుప నాలుకలు, సన్నని స్ప్రింగుల మీద లేస్తూ పడుతూ టిక్కు టిక్కుమంటుంటాయి. పెద్దాయనకు చాలా తెలుసే అని కొట్టాయన మెచ్చుకున్నాడు. ఆ మెప్పుకు నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. ఆ నాలుకల సంగతి నేను ఎట్లా నేర్చుకున్నానో ఆయనకేం తెలుసు?

అప్పుడు నేను మిర్యాలగూడ రైసుమిల్లులో ఫిట్టర్ని. ఇరవై నాలుగేళ్లవాణ్ణి, చేతిలో రెంచీ ఉంటే కలెక్టరు ఎదురొచ్చినా లెక్కచేసేవాణ్ణి కాదు. అక్క కోదాడలో ఉంటూ నడిగూడెం చుట్టుపక్కల ఊళ్లకు తిరిగే నర్సు. దవాఖానలో పనిచేసిన ఒక దొరసాని స్వదేశం వెళ్లిపోతూ తన మూడు గేర్ల సైకిల్ అక్కకు ఇచ్చిపోయింది. కాన్పు కబురొస్తే కాలవ కట్ట మీదుగా, నాట్ల బురదలోంచి దాని మీదే వెళ్లేది. నిలబడి ఉండగానే గేరు మార్చుకోవచ్చు, చీర కుచ్చిళ్లు చిక్కే గేర్ల పళ్లు బయట లేవు, దుమ్మూ వానా లోపలికి పోవు. ఈనాటికీ అటువంటి సైకిల్ అంటే నాకు ప్రాణం లేచి వస్తుంది. మన కాలంలో అద్దె సైకిళ్లిస్తూ రిపేర్లు చేసే కొట్టును సైకిల్ టాక్సీ అనేవాళ్లం కదా, కోదాడలో అటువంటిది నడిపే ఒక పెద్దాయనకు తప్ప ఆ హబ్బు విప్పి మళ్లీ బిగించడం ఎవరికీ చేతనయ్యేది కాదు. విప్పిన ముక్కలను పాత పంచె మీద వరసగా పేర్చుకుని, వాటితో ఏదో గొణుక్కుంటూ బిగించేవాడు.

ఆ ఏడు చలికాలం మొదట్లో ఆయన దాన్ని విప్పి, శుభ్రం చేసి, కొత్త స్ప్రింగు వేసి నా చేతికిచ్చాడు. నెలకొకసారి హబ్బు మీదున్న చిన్న మూత తీసి కుట్టుమిషన్ నూనె నాలుగు చుక్కలు వెయ్యమనీ, గ్రీజు మాత్రం లోపలికి పోనివ్వవద్దనీ మరీ మరీ చెప్పాడు. నేను లోలోపల నవ్వుకున్నాను. మిల్లులో ఇంతింత బేరింగులకు గ్రీజు పెట్టే నాకు సైకిల్ టాక్సీవాడు పాఠం చెప్పడమా! మిల్లు నుంచి గ్రీజు గన్ను తెచ్చి, ఆ మూత తీసి, అక్కకు మేలు చేస్తున్నాననుకుంటూ చిక్కటి నల్ల గ్రీజు నిండా కొట్టాను. ఎవరికీ చెప్పలేదు.

నాలుగు రోజులకు, మంచు పడుతున్న పొద్దున, అక్క కాలవ కట్ట ఎక్కుతూ పెడల్ మీద నిలబడి తొక్కితే పెడల్ ఊరికే తిరిగిపోయింది. చలికి గడ్డకట్టిన గ్రీజులో ఆ నాలుకలు లేవలేదు. అక్క కట్ట మీంచి పడింది, మణికట్టు విరిగింది. కబురు తెలిసి వచ్చి, సైకిల్ పడుకోబెట్టి చక్రం తిప్పి చూశాను. టిక్కు శబ్దం లేదు. మూత తీస్తే మిల్లు వాసన. అప్పుడే నాకంతా తెలిసిపోయింది.

మర్నాడు అక్క కట్టుకట్టిన చేత్తోనే ఆయన కొట్టుకు నడిచింది, వెనక సైకిల్ నడిపించుకుంటూ నేను. సెంటర్లో నలుగురూ చూస్తుండగా ఆయన్ను దులిపేసింది. ఆయన చేతులు తుడుచుకుంటూ, "అమ్మా, తప్పు నాదయితే చెప్పుతో కొట్టండి, ఒక్కసారి విప్పి చూడనివ్వండి" అని బతిమాలాడు. "నువ్వు సూసింది సాలు గని, ఇగ ఎవరి చేతులన్న ఇరగ్గొట్టుకో పో" అంది అక్క. నేను హాండిల్ పట్టుకుని నేల చూస్తూ నిలబడ్డాను. నోరు తెరిస్తే ఒక్క మాట చాలు. తెరవలేదు.

అంతటితో ఆగానా? సైకిల్‌ను మిల్లుకు తీసుకుపోయి, ఆ మూతలోంచి కిరోసిన్ పోస్తూ, వంపేస్తూ ఆదివారమంతా కడిగి, ఆయన చెప్పిన కుట్టుమిషన్ నూనే వేశాను. టిక్కు టిక్కుమంది. టాక్సీ ఆయన చెడగొట్టినదాన్ని తమ్ముడు బాగుచేశాడని అక్క ఊరంతా చెప్పుకుంది, నేను చెప్పుకోనిచ్చాను. ఆయన దగ్గరికి జనం పలచబడ్డారు. ఏడాది తిరక్కుండా కొట్టు మూసి, కూతురున్న హాలియా వెళ్లిపోయాడు. అక్క మాట వల్లనేనని ఎవరూ అనలేదు, నేను మాత్రం అనుకోకుండా ఉండలేకపోయాను.

సూర్యాపేట నుంచి వచ్చిన రాత్రి నిద్ర పట్టక, పొద్దున్నే అక్కకు ఫోన్ చేసి అంతా చెప్పేశాను. చెబితే గుండె బరువు దిగుతుందనుకున్నాను. అక్క, "ఇన్నేండ్లు నేను నిజమే అన్న అనుకున్న గదరా. ఆ పాపం ఇయ్యాల నా నెత్తిన కూడ పెట్టినవ్" అని ఫోన్ పెట్టేసింది.

ఎనభైకి దగ్గరపడ్డ అక్క, వారం తిరగకుండా ఆ సైకిల్ టాక్సీ పెద్దాయన కూతుర్ని వెతుక్కుంటూ బస్సెక్కి హాలియా వెళ్లింది. రమ్మని నన్నూ అడిగితే మోకాళ్ల నొప్పులన్నాను. నొప్పులు నిజమే, ఆగిపోయింది మాత్రం వాటివల్ల కాదు. ఆయన పోయి చాలా ఏళ్లయిందట. పోయేదాకా, నర్సమ్మ సైకిల్లో ఏ ముక్క తప్పు బిగించానో అని వేళ్లు ఆడిస్తూ తలుచుకునేవాడట. అక్క ఆ కూతురి చేతులు పట్టుకుని, మీ నాయన తప్పేమీ లేదు, తెలియక తిట్టానని ఏడ్చి వచ్చిందట. గ్రీజు కొట్టింది నేనని చెప్పావా అని అడిగాను. "చెప్పలె. నా మాట నేను ఒప్పుకొనొచ్చిన. నీది నువ్వే పోయి చెప్పుకోవాలె" అంది.

ఆ రోజుల్లో మిర్యాలగూడ నుంచి హాలియా అంటే బస్సు కోసం పడిగాపులు, గతుకుల దారి, పోయి రావడానికి ఒక పూటంతా పట్టేది. ఇప్పుడు రోడ్డు నున్నగా ఉంది, మా వీధి చివర నిలబడితే బస్సులు ఒకదాని వెనక ఒకటి వస్తుంటాయి. ఎక్కడికైనా చిటికెలో చేరే కాలం వచ్చింది. అక్కడ నిలబడి, ఎక్కకుండా నేను ఇప్పటికి మూడుసార్లు ఇంటికి తిరిగి వచ్చాను.