విప్పిన బోల్టు మళ్లీ వాడొచ్చా

జగ్గయ్యపేటలో మా షెడ్డు ఒకప్పుడు ఇద్దరిదని ఇప్పుడు వచ్చేవాళ్లకి తెలియదు. ఆ రెండో మనిషి ఏమయ్యాడని అడిగేవాళ్లూ తగ్గిపోయారు. తప్పు నాది కాబట్టి నేనే రాసిపెట్టాలి.

నేను పదో తరగతి దాటలేదు. కారు పని సగం చేతులతో, సగం నందిగామ గ్రంథాలయంలో నేర్చుకున్నాను. షెడ్డుకి సెలవైతే బస్సెక్కి వెళ్లి, తలుపులు మూసేదాకా చదివేవాడిని. ఇంజన్ హెడ్ బోల్టులు బిగించినప్పుడు సాగుతాయని, విప్పితే మళ్లీ వాడకూడదని ఒక పుస్తకంలో ఉంది. ఆ మాటను నేను కారులోని ప్రతి బోల్టుకీ అంటగట్టాను.

నా భాగస్వామి నాకంటే పదేళ్లు పెద్ద. విప్పిన బోల్టును కిరోసిన్‌లో కడిగి, మరలు గోటితో తడిమి, బాగుంటేనే ఎక్కించేవాడు. ఆ రోజు పెనుగంచిప్రోలు టీచరు గారి కారుకి ఇంజన్‌ని పట్టి ఉంచే మౌంటింగు మారుస్తున్నాం. ఆయన కడిగిపెట్టిన బోల్టులు చెత్తలో పోసి, బజారు నుంచి కొత్తవి తెచ్చాను.

“అవి కంపెనీవి తమ్ముడూ. తల మీద బలం ఎంతో చెప్పే నంబరుంది. నువ్వు తెచ్చినవాటికి తలకాయుంది గానీ నంబరేది?”

“పాతవి సాగుతాయన్నా. పుస్తకంలో ఉంది.”

“అయితే ఆ పుస్తకాన్నే వచ్చి బిగించమను.”

నేను టీచరు గారి వైపు తిరిగి, “చదువు లేనివాళ్లతో ఇదే గొడవండి,” అన్నాను. అన్న స్పానరు నా చేతికిచ్చి పక్కకి జరిగాడు; కొత్తవి నేనే బిగించాను.

నాలుగు రోజులకి చిల్లకల్లు దగ్గర ఆ కారులో నేను వేసిన బోల్టులు రెండు తెగి ఇంజన్ ఒక పక్కకి ఒరిగింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. అన్నే నంబరున్న బోల్టులు తెప్పించి బిగించాడు. మరుసటి వారం తన స్పానర్లు సర్దుకుని కంచికచర్ల వెళ్లిపోయాడు.

అప్పుడు గ్రంథాలయం నుంచి ఆ పుస్తకం ఇంటికి తెచ్చుకుని మళ్లీ తీశాను. తర్వాతి పేజీలోనే ఉంది: సాగే రకమైతే మార్చాలి, మిగతావి బాగుంటే వాడొచ్చు, కొత్తది వేస్తే అంతే బలమున్నది వేయాలి. కంచికచర్ల వెళ్లి ఆ పేజీ ఆయన ముందు తెరిచాను. ఆయన దాని వంక చూడలేదు.

“బోల్టుల సంగతి కాదులే,” అన్నాడు. “టీచరు గారి ముందు అన్నావే, అది.”

ఇప్పుడు ఇంజన్ దించాలంటే పక్క పంక్చరు షాపాయన్ని పిలుస్తాను. పట్టుకుని, దించి, వెళ్లిపోతాడు. మిగతా పొద్దంతా షెడ్డులో నా స్పానరు చప్పుడే.

పేర్లు రాయను. పుస్తకం ఇంకో వారం ఉంచుకోనిచ్చిన గ్రంథాలయం మేడం గారికి, ఇప్పటికీ కారు నా దగ్గరికే తెచ్చే టీచరు గారికి, పంక్చరు షాపాయనకి కృతజ్ఞతలు. అందరికంటే ఎక్కువ మా అన్నకి. ఆయనకి చదవడం రాదు. అటు వెళ్లేవాళ్లెవరైనా ఇది ఆయనకి చదివి వినిపిస్తే, వాళ్లకి కూడా.