దిబ్బ ఎక్కలేని మనిషికి సిగ్నల్: పావగడలో నా క్యాంపర్ వ్యాన్

ఊళ్లు తిరుగుతూనే ఆఫీసు పని చేసుకోవచ్చని నన్ను నేనే నమ్మించుకుని క్యాంపర్ వ్యాన్ కొన్నాను. సోలార్ పార్కు చూద్దామని తెల్లవారుజామున బెంగళూరులో బయలుదేరి, మధుగిరి మీదుగా మధ్యాహ్నానికల్లా పావగడ దాటి, ప్యానెళ్ల కంచె పక్కన ఓ ఇంటి ముందు ఆగాను. ఊరి పేరు రాయను, ఎందుకో మీకే తెలుస్తుంది. ఫోన్‌లో ఒక్క గీతా లేదు. ఖర్మ!

"ఈడ సిగ్నల్ యాడిది సార్? మాట్లాడాలంటే ఆ దిబ్బెక్కాల్సిందే," అంది ఆ ఇంటి కోడలు. లోపల మంచం మీద ఆమె మామ ఆఖరి ఘడియల్లో ఉన్నాడు. మేపుకునే బీళ్లన్నీ ప్యానెళ్ల కిందికి పోయాక ఆమె మొగుడు గొర్రెలు తోలుకుని బళ్లారి వైపు వెళ్లాడట. "పొద్దున దిబ్బెక్కి చెప్పినా. బస్సులో వస్తుండాడు. కొడుకు గొంతు వినందే తులసినీళ్లు తాగనంటాడు ఈయన. ఈయన్ని దిబ్బెట్లా ఎక్కించేదప్పా?"

నా దగ్గర రౌటరు, బయట పెట్టే యాంటెన్నా ఉన్నాయి, ఇదెంత పని అనుకున్నాను. వ్యాన్ కప్పు మీద పెడితే ఏమీ రాలేదు. టవర్ దిబ్బకు అవతల ఉంది మరి. చింతకాయలు దులిపే గెడ అడిగి, దాని కొసకు యాంటెన్నా కట్టి, ఎత్తి, కొంచెం కొంచెంగా తిప్పాను. ఎట్టకేలకు గీతలు వచ్చాయి. గెడ వదిలితే పోతున్నాయి. గోడకు కట్టేద్దామంటే, ఉన్న తాడు ముక్క యాంటెన్నాకే అయిపోయింది. పట్టుకునే నిలబడ్డాను.

కోడలు తన ఫోన్‌కు వైఫై కలుపుకుని మొగుడికి కాల్ చేసి స్పీకర్ పెట్టింది. వాకిట్లోంచి నాకంతా కనిపిస్తోంది. ఫోన్ మోగుతుండగానే ముసలాయన ఛాతీ కదలడం ఆగిపోయింది. ఆమె ఆయన ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి, నా వైపు చూసింది. అప్పుడే కొడుకు ఎత్తాడు.

"నాయనా! వినపడతాందా?"

ఆమె ఫోన్‌ను ఆ చెవికి ఆనించింది. "మాట్లాడు. వింటుండాడు."

"వస్తాండా నాయనా. గొర్రెలన్నీ బాగుండాయి. నీళ్లు తాగు."

ఆమె ఆ నోట్లో చెంచాడు తులసినీళ్లు పోసింది. అవి పెదవి చివర నుంచి జారిపోతే కొంగుతో తుడిచింది.

"తాగినాడా?"

"తాగినాడు," అంది.

చీకటి పడేవేళకు కొడుకు వచ్చి, ఏడ్చి, నా చేతులు పట్టుకున్నాడు. "నా మాట మా నాయనకు వినిపిచ్చినావు సార్." అవునన్నాను. ఇంకేమనను?

అంత కరెంటు పుట్టే చోట, మంచం మీది మనిషికి కొడుకు గొంతు అందాలంటే దిబ్బెక్కాలా? ఆ కోపం నాకు ఇంకా తగ్గలేదు. సోలార్ పార్కు ఫొటో ఒక్కటీ తీయలేదు. మీరు అటు వెళ్తే ఒక సలహా: టవర్ ఎటుందో ముందే అడగండి, పొడవాటి గెడతో పాటు గట్టి తాడు కూడా తీసుకెళ్లండి. గెడను బిగించి కట్టండి. అవసరమైతే వదిలేసి లోపలికి వెళ్లగలగాలి.